ఫిట్ రాసిన వ్యాగను

నిచ్చెన రెండో మెట్టు మళ్లీ విరిగింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

ఇస్సాకు పట్టకారు బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. మెట్టు సేమియా పుల్లంత ఉంటుంది. రెండు చివర్లా జిగురు బొట్టు పెట్టి, నిచ్చెనకు ఆనించి, పది లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఎనిమిది దగ్గరే చెయ్యి జారుతోంది.

వ్యాగను నమూనా కిట్టు పూణే నుంచి కొరియర్లో వచ్చింది. కాగితంలో నూట పన్నెండు ముక్కలని ఉంది. పెట్టెలో నూట తొమ్మిదే ఉన్నాయి. ఫోను చేస్తే పంపుతామన్నారు. మూడు వారాలైంది. లేని మూడింటిలో ఒకటి చేతిబ్రేకు చక్రం. భార్య ఎస్తేరు కుట్టుపెట్టెలోని ప్రెస్ బటన్ అరిగించి దాన్ని చేసుకున్నాడు.

"నా జాకెట్టు గుండీ ఏమాయ?" వంటింట్లోంచి ఎస్తేరు అడిగింది.

"వ్యాగనుకు పెట్టినా."

"అరవై రెండేండ్లు వచ్చె. బొమ్మలకు నా గుండీలు పెడ్తాండావ్."

"బొమ్మ కాదు. వ్యాగను."

"ఆ, వ్యాగనే. ఎక్కి పో."

ఇస్సాకు నంద్యాలలో ముప్పై నాలుగేళ్లు వ్యాగను ఫిట్టరుగా పనిచేశాడు. ఇప్పుడు బల్ల మీద మూడు వ్యాగన్లున్నాయి. అసలు వ్యాగను పొడవును ఎనభై ఏడుతో భాగిస్తే వచ్చేంత పొడవు, జానెడుకు తక్కువ. ఒకటి బొగ్గు వ్యాగను, పైన మూత ఉండదు. ఒకటి నూనె ట్యాంకు. మూడోది సిమెంటు మూటలు వేసే మూత వ్యాగను. మొదటి రెండూ పూర్తయ్యాయి. శనివారం ఆళ్లగడ్డ స్కూల్లో ఎగ్జిబిషన్. చెల్లెలి కూతురు ఫెబా అక్కడ సైన్సు చెప్తుంది. ఆళ్లగడ్డకు రైలు లేదు. తన క్లాసులో సగం మంది గూడ్సు బండిని దగ్గరగా చూడలేదని, మామ చేసినవి పెడితే బాగుంటుందని ఆమే అడిగింది.

నాలుగోసారి మెట్టు నిలిచింది.

మిగిలింది మురికి పట్టించడం. అందరూ నవ్వేది ఈ పనికే. స్టీలు పీచును వెనిగర్‌లో నాలుగు రోజులు నానబెట్టిన నీళ్లు ఒక సీసాలో ఉన్నాయి. వాటిని సన్నకుంచెతో అతుకుల వెంట, రివెట్ల కింద తాకించాడు. వాన నీళ్లు ఆగే చోటే తుప్పు మొదలవుతుంది. తలుపు గొళ్లెం దగ్గర మాత్రం తుప్పు పెట్టలేదు. చెయ్యి పడే చోట తుప్పు పట్టదు. అక్కడ పెన్సిలు ముక్కు రుద్ది ఇనుము మెరుపు తెచ్చాడు. చక్రాలకూ అంతే. పట్టా మీద నడిచే అంచు మెరవాలి, పక్కలకు బ్రేకు పొడి పట్టాలి.

ఆఖరున సిమెంటు. స్పిరిట్‌లో కలిపి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలి నేల మీద పూశాడు. నీళ్లు కలిపితే గట్టిపడుతుంది. స్పిరిట్ అయితే ఆరిపోయి పొడి మిగులుతుంది. మూలల్లో ఎక్కువ, నడుమ తక్కువ. గడప మీదనుంచి కిందికి కారిన చారలు నాలుగు. ఒక చార అడ్డంగా వచ్చింది. తుడిచి మళ్లీ గీశాడు. రెండు రోజులు దానికే పట్టింది.

మూసి ఉన్న రెండో తలుపు రెక్క మీద టైలరు సుద్దను సూదిలా చెక్కి మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశాడు. ఎఫ్, ఐ, టి. సరుకెక్కించే పక్క లైనులో, అంటే సైడింగులో, ఖాళీ వ్యాగన్లను ఊడ్చాక, లోడింగుకు పనికొస్తుందని చూసి తలుపు మీద రాసే మాట. తన పని అదే. ఎఫ్ తోక కిందికి పొడుగ్గా పోవాలి, టి అడ్డగీత పైకి ఎగరాలి. ముప్పై నాలుగేళ్లు అట్లాగే రాశాడు. సుద్ద రెండుసార్లు విరిగింది.

ఎస్తేరు కాఫీ తెచ్చి వంగి చూసింది.

"అంతా బాగానే ఉండాది. దుమ్మెందుకు పూసినావ్?"

ఇస్సాకు కాఫీ అందుకుని, వ్యాగనును ఆమె కొంగు తగలనంత దూరం జరిపాడు.

*

గురువారం బూట్ల డబ్బాలో పాత లుంగీ గుడ్డలు పరిచి, వ్యాగన్లను పడుకోబెట్టి బస్సెక్కాడు. డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. శిరివెళ్ల దాటాక పక్కనున్నాయన అడిగాడు.

"ఏందన్నా దాంట్లో, కోడిపిల్లలా?"

"వ్యాగన్లు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

స్కూలు హాల్లో నాలుగు బల్లలు కలిపి తెల్లగుడ్డ పరిచారు. ఇస్సాకు ముందే ఆ ఊళ్లో రాతి విగ్రహాలు చెక్కే శిల్పాల షెడ్ల దగ్గర రాతి రజను అడిగి తెప్పించుకున్నాడు. ఉలి కింద రాలిన చిప్పల్ని మూడు జల్లెళ్లు పట్టి, ఆవగింజ సైజువి ఏరి పట్టాల మధ్య పోశాడు. కంకర సరిపోయింది. మూడు వ్యాగన్లను పట్టా మీద నిలబెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, కన్ను బల్ల ఎత్తుకు తెచ్చి చూశాడు. ఆ ఎత్తులో చూస్తే సైడింగే.

హాలు ఊడుస్తున్న ఆమె చీపురు ఆపి వచ్చి నిలబడింది. యాభై దాటి ఉంటాయి. ఊడ్చే పని కంట్రాక్టరు ఇచ్చిన నీలం కోటు వేసుకుంది.

"బాగుండారా సారూ?"

"ఆ," అన్నాడు ఇస్సాకు తల తిప్పకుండా.

ఆమె వంగి మూత వ్యాగను వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"సారూ, ఈ తలుపు మీద..."

"చెయ్యి పెట్టొద్దమ్మా. వీటి జోలికి రావొద్దు. ఊడ్చేటప్పుడు గూడ ఈ బల్ల తావు వదిలెయ్."

"అది కాదు సారూ, లోపల..."

"చెప్తాండా గదా!"

ఆమె చీపురు తీసుకుని అవతలికి పోయింది.

*

శుక్రవారం పదకొండు గంటలకు ఫెబా ఫోను చేసింది.

"మామా, ఒకటి చెప్తా. కోపం తెచ్చుకోవద్దు."

ఒంటిగంటకల్లా ఇస్సాకు హాల్లో ఉన్నాడు. బొగ్గు వ్యాగను, ట్యాంకు పెట్టినవి పెట్టినట్లే ఉన్నాయి. మూత వ్యాగను గడప కింద నాలుగు చారలూ లేవు. తెరిచిన తలుపులోంచి చూస్తే లోపలి నేల నున్నగా, ఎర్రగా కనిపించింది. కిట్టు పెట్టెలోంచి వచ్చిన రోజు ఎట్లుందో అట్లుంది.

"ఎవురు?"

"సుగుణమ్మ అంట. ఊడ్చే ఆమె. బల్ల కాడ వంగి ఏందో చేస్తాంటే వాచ్‌మన్ చూసినాడంట."

"కడిగింది. చెయ్యి పెట్టొద్దని చిలక్కి చెప్పినట్ల చెప్పినా. కడిగి పెట్టింది."

స్కూలు కరస్పాండెంటు ఫ్రాన్సిస్ లోపలికి వచ్చాడు. చేతిలో రేపటి బ్యానరు చుట్ట ఉంది. వ్యాగన్ల ముందు ఆగాడు.

"ఇది బాగుందన్నా. కొత్తదాని మాదిరి. ఆ రెండు గూడ ఇట్లనే కడిగిస్తే సరిపాయె. రేపు ప్రారంభం చేసే పెద్దాయన వచ్చేది పదికి. మురికి బొమ్మలు పెట్టినారనుకుంటాడు."

"బొమ్మలు కావు సారూ."

"సరే, రైళ్లే."

"నడిచే వ్యాగను కొత్తగా ఉండదు. ఎండలో ఉంటాది, వానలో ఉంటాది. సిమెంటు మోసిన వ్యాగనుకు సిమెంటు పట్టాల. ఎంత పట్టాల, యాడ పట్టాల అనేది నాకు తెలుసు. రెండు దినాలు దానికే కుచ్చున్యా. నీళ్లు పోసి కడిగి పారేసింది. ఏం మనిషి సారూ ఆయమ్మ?"

గొంతు పెరిగింది. పక్క బల్ల దగ్గర అగ్నిపర్వతం చేస్తున్న పిల్లలు చేతులాపి చూశారు.

"కోప్పడద్దన్నా," అన్నాడు ఫ్రాన్సిస్. "ఒక కాగితం రాసియ్యి. కంట్రాక్టరుకు పంపుతా. వాళ్ల మనిషి, వాళ్లే చూసుకుంటారు."

ఇస్సాకు అక్కడే స్టూలు మీద కూర్చుని రాశాడు. ఉద్యోగంలో రిపోర్టులు రాసిన చెయ్యి. తేదీ, స్థలం, వస్తువు వివరం. ముట్టుకోవద్దని ముందురోజు చెప్పినా వినకుండా, సుగుణమ్మ అనే మనిషి వ్యాగను నమూనాను నీళ్లతో కడిగి పాడుచేసినది. ఎనిమిది లైన్లు. కింద సంతకం.

"టీ తాగిపో మామా," అంది ఫెబా.

"వద్దు. సిమెంటు, స్పిరిట్ తీస్కోని పొద్దున్నే వస్తా. ఉన్నంతలో మళ్లా పట్టిస్తా."

బస్సులో సీటు దొరకలేదు. శిరివెళ్ల దాకా నిలబడే వచ్చాడు.

*

శనివారం ఏడుంపావుకు హాలు తలుపు ఫెబా తీసింది. ఇస్సాకు సంచిలోంచి సీసాలు, కుంచెలు తీసి వరసగా పెట్టాడు. మందుసీసా మూతలో సిమెంటు వేసి స్పిరిట్ చుక్కలు వదిలాడు. వ్యాగనును ఎడంచేత్తో పట్టుకుని దాని తెరిచిన తలుపును వెలుతురుకు తిప్పాడు.

లోపల చూసే ముందు తలుపు వైపు చూడడం అలవాటు. మూడు సుద్ద అక్షరాలు రాసినవి రాసినట్లే ఉన్నాయి. ఎఫ్ తోక చెదరలేదు.

కుంచె మూతలోనే ఆపాడు.

తడి చెయ్యి తగిలితే పోయే సుద్ద అది. నీళ్లు పోసి ఉంటే ఉండదు. వ్యాగనును ఇంకాస్త వంచి, చిటికెనవేలు తలుపులోంచి లోపలికి పెట్టాడు. మూల దాకా పోనిచ్చి బయటికి తీసి చూసుకున్నాడు. సైడింగులో చూపుడువేలుతో చేసే పని ఇది. వేలికి ఏమీ అంటలేదు. ఇంకో మూల. ఏమీ లేదు. అతుకుల్లో సిమెంటు గట్టిపడి ఉందేమోనని గోరుతో గీరాడు. లేదు. గడప కింద చారలు కూడా పొడిగుడ్డతో తుడిచినవే. ఎర్ర రంగు మీద తడి మచ్చ ఒక్కటి లేదు.

బొగ్గు వ్యాగను వైపు చూశాడు. దాని మురికిలో సగం కూడా దీనికి మొదట్లో లేదు. దాన్నెవరూ ముట్టుకోలేదు. దాని మీద ఫిట్ అని లేదు. ట్యాంకు మీదా లేదు.

"మామా, అది ఆరిపోతాంది," అంది ఫెబా. మూతలో స్పిరిట్ ఎగిరిపోయి సిమెంటు పొడిగా మిగిలింది.

"ఆయమ్మ యాడుంది?"

"ఎవురు?"

"సుగుణమ్మ."

"నిన్న సాయంత్రమే రావొద్దన్నారు మామా. నీ కాగితం చూసి. కంట్రాక్టరు వేరే ఆమెను పంపినాడు."

ఇస్సాకు వ్యాగనును పట్టా మీద పెట్టాడు. చక్రం పట్టా తప్పింది. మళ్లీ ఎత్తి పెట్టాడు.

"ఇల్లు యాడ?"

*

ఇల్లు శిల్పాల షెడ్ల వెనక సందులో ఉంది. మిషన్ల చప్పుడు అప్పుడే మొదలైంది. సందులో ప్రతి గడప మీదా రాతిపొడి ఉంది. సుగుణమ్మ గడప మీద లేదు. ఆమె వాకిట్లో కూర్చుని చీపురు విప్పి, అరిగిన పుల్లలు ఏరి, మిగిలినవి బిగించి కడుతోంది. ఇస్సాకును చూసి లేవలేదు.

"రాండి సారూ. కుచ్చోండి."

అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వు సైడింగులో చేసినావా?"

"పదకొండేండ్లు."

"నేనెప్పుడూ చూడలే."

"చూసినారు. ముఖానికి గుడ్డ కట్టుకుంటిమి గదా, కండ్లు మాత్రమే కనపడ్తాండె. మీరు కాళ్లు చూసి పిలుస్తాంటిరి. 'ఏయ్, తెగిన చెప్పులామే, ఈ మూల మళ్లా ఊడ్చు' అంటాంటిరి. ఆ చెప్పులు నావే."

ఇస్సాకు ఆమె కాళ్ల వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"వ్యాగను ఎందుకు..."

"నీళ్లతో కడిగినానని రాసినారంట." ఆమె చీపురు పక్కన పెట్టింది. "కంట్రాక్టరు సదివి ఇనిపించినాడు. పని పోతే పోనీ సారూ, ఇంకో తావు చూసుకుంటా. ఆ మాటెట్ల రాసినారు? సిమెంటు వ్యాగనులో ఎవురన్నా నీళ్లు పోస్తారా? పోస్తే గచ్చయి కుచ్చుంటాది. పదకొండేండ్లు ఊడ్చినదానికి అది గూడ తెలీదా నాకు?"

"మరి దేంతో ఊడ్చినావ్?"

"పండ్లు తోముకునే బ్రష్షుతో. ఎండినదానితో. బయట కొంగుతో అద్దినా. సుద్దకు తగలకుండా అద్దినా."

"చూసినా. ఈ పొద్దే చూసినా."

"నిన్న చూడాల్సింది."

పక్క షెడ్డులో రాయి కోసే చక్రం ఆగింది. ఇస్సాకు అరుగు మీద ముందుకు జరిగాడు.

"చెయ్యి పెట్టొద్దంటి గదమ్మా."

"చెప్పబోతే ఇంటిరా? లోపల చూస్తే దుమ్ము, తలుపు మీద చూస్తే ఫిట్. రేపు పెద్దసారు వచ్చి, ఇదెవురు ఊడ్చినారంటే ఎవురి మీదికి వస్తాది? రాసినోళ్ల మీదికా?" ఆమె దారం పంటితో తెంపింది. "ఒకతూరి వచ్చింది గదా."

"ఎప్పుడు?"

"వానలప్పుడు. బండి బిరీన పోవాలని మీరు వంగి చూడకుండానే వరసగా రాసుకుంటా పోయినారు. పదో పన్నెండో వ్యాగన్లు. ఒకదాంట్లో ఊడ్చడం కాలేదు. 'ఇంగా అయ్యేది ఉంది సారూ' అని నేను లోపల్నుంచి అరిచినా. మీరు ముందుకు పోయినారు. ఫిట్ రాసినాక లోపల దుమ్ముందంటే ఊడ్చినోళ్ల తప్పే అన్నారు. ఇద్దరిని పనిలోంచి ఆపేసినారు. నేనొకదాన్ని."

"నాకు గుర్తు లేదు."

"మీకెందుకు ఉంటాది?"

తిట్టినట్లు అనలేదు. ఉన్న మాట చెప్పినట్లే అంది. ఇస్సాకు చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పెన్ను ఉంది. కాగితం లేదు. ఆమె లోపలికి పోయి ఎవరిదో నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి తెచ్చింది. మోకాలి మీద పెట్టుకుని రాశాడు. రాసింది చదివాడు. "నిన్న నేను ఇచ్చిన ఫిర్యాదు తప్పు. వ్యాగను నమూనా పాడుకాలేదు..."

"నీళ్లు పోయలేదని ముందు రాయండి."

ఆ మాటను పైకి తెచ్చి మళ్లీ మొదటినుంచి రాశాడు. సుగుణమ్మ నీళ్లు వాడలేదు. పొడిగా ఊడ్చింది. దుమ్మున్న వ్యాగను మీద ఫిట్ అని రాయడం నా తప్పు. ఆమె పని పద్ధతి ప్రకారం చేసింది. సంతకం చేసి ఇచ్చాడు.

ఆమె కాగితం రెండు వైపులా తిప్పి చూసింది.

"సదువు రాదు సారూ. నిన్నటిదీ ఇట్లనే ఉండింది. నీలం ఇంకు, కింద సంతకం. ఇదేం చెప్తాందో నాకేం ఎరుక? నాకు తెలిసినవి మూడే అక్షరాలు. అవి రాయండి."

ఇస్సాకు పెన్ను మూత తీశాడు.

"ఆగండి. మూలలు చూసినారా?"

"చూసినా."

"నాలుగూనా?"

రెండే చూశాడు. పెన్ను మూత పెట్టేశాడు.

"పదమ్మా," అన్నాడు.

*

స్కూలు గేటు దగ్గర షామియానా కడుతున్నారు. తొమ్మిదిన్నర అయింది. హాల్లో నీలం కోటు వేసుకున్న కొత్తామె కుర్చీలు తుడుస్తోంది. ఇస్సాకు మూత వ్యాగనును పట్టా మీదనుంచి తీసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, మిగిలిన రెండు మూలల్లో వేలు పెట్టి చూశాడు. రెండోదాంట్లో కొంచెం సేపు ఉంచాడు. బయటికి తీసిన వేలు సుగుణమ్మకు చూపించాడు. ఆమె వంగి చూసి తల ఊపింది. అప్పుడు కాగితాన్ని బల్ల మీద పరిచి, సంతకం కింద రాశాడు. ఎఫ్ తోక లైను దాటి కిందికి పోయింది. టి అడ్డగీత పైకి ఎగిరింది.

"మీ చెయ్యే," అంది సుగుణమ్మ.

ఫ్రాన్సిస్ వచ్చాడు. కాగితం నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు.

"ఏందన్నా ఇది? నిన్న ఒకటి రాసి, ఈ పొద్దు ఒకటి రాస్తివి. కొత్తామె వచ్చేసింది గదా. అయింది అయిపాయె. సోమవారం చూద్దాం."

ఇస్సాకు బల్ల కిందనుంచి బూట్ల డబ్బా తీసి, లుంగీ గుడ్డ పరిచి, బొగ్గు వ్యాగనును దాంట్లో పడుకోబెట్టాడు. తర్వాత ట్యాంకును, మూత వ్యాగనును.

"ఏం చేస్తాండావన్నా? పెద్దాయన శిరివెళ్ల దాటినాడంట!"

"నేనూ ఆ దారినే పోవాల సారూ. బస్సుంది."

"ఫెబా మేడమ్, చెప్పమ్మా మీ మామకు!"

"నా మాట ఇంటాడా సార్?" అంది ఫెబా. నవ్వు దాచుకుంటూ బ్యానరు సరిచేయడానికి పోయింది.

ఫ్రాన్సిస్ పట్టా వైపు చూశాడు. వ్యాగన్లు లేని పట్టా, రాతి కంకర, పైన 'రైలు రవాణా' అని అట్టముక్క. ఫోను తీశాడు. కంట్రాక్టరుతో రెండు నిమిషాలు మాట్లాడాడు. మొదటి నిమిషం గట్టిగా, రెండోది మెల్లగా. కొత్తామెను హాస్టలు వైపు పెట్టుకోమన్నాడు.

"అయింది. సోమవారం నుంచి ఈమె ఈడనే. చాలునా?"

"సోమవారం కాదు సారూ," అంది సుగుణమ్మ. "ఈ పొద్దు నుంచే. హాలు మూలలు చూడండి ఎట్లుండాయో."

ఫ్రాన్సిస్ మూలల వైపు చూడలేదు. "సరే, సరే," అన్నాడు. ఇస్సాకు డబ్బాలోంచి వ్యాగన్లు ఒక్కొక్కటే తీసి పట్టా మీద నిలబెట్టాడు. మురికి బొగ్గు వ్యాగను, మురికి ట్యాంకు, నడుమ ఊడ్చిన వ్యాగను.

"మళ్లా దుమ్ము పూస్తావా మామా?" ఫెబా అడిగింది. "పది నిమిషాలుంది."

"లేదు," అన్నాడు.

ఫ్రాన్సిస్ చేతిలో కాగితం ఇంకా ఉంది. మడవబోయి ఆగాడు.

"కింద ఇదేందన్నా? ఇంకో సంతకమా?"

ఇస్సాకు నోరు తెరిచేలోపు సుగుణమ్మ చెయ్యి చాచి కాగితం తీసుకుంది.

"కాదు సారూ," అంది. "ఈతూరి లోపల చూసి రాసినాడు."